నకలు అసలుతో సరిపోలినది

మా బెజవాడలో షెల్టీ కుక్కలు రెండు రకాలు. ఒకటి అసలు, మిగతావన్నీ నకళ్ళు. అసలు చచ్చిపోయి చాలా కాలమైంది.

ఈ సంగతి తెలియనివాళ్ళు ఎదురుపడ్డ కుక్కను కుక్కే అనుకుని, తల నిమిరి వెళ్ళిపోతుంటారు. నేనూ చాలా ఏళ్ళు ఆ అజ్ఞానంలోనే బతికాను. మా ఆయన రిటైరై ఇంట్లో కూర్చోబట్టి కానీ నాకు జ్ఞానోదయం కాలేదు.

మా ఆయన ఫణిభూషణం గారు బ్యాంకులో ఉన్నంతకాలం సంతకాలు పోల్చి చూశారు. చెక్కు మీద సంతకం, కార్డు మీద సంతకం పక్కపక్కన పెట్టుకుని, కొమ్ము ఒంకర ఎటు తిరిగిందో చూడటమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక పోల్చడానికి ఇంట్లో ఏమీ దొరక్క, ఇవాళ్టి పప్పును నిన్నటి పప్పుతో పోల్చడం మొదలుపెట్టారు. ఏదైనా వ్యాపకం పెట్టుకోండి మహానుభావా అని నేనే పోరాను. నోరు మూసుకుని ఉంటే పోయేది.

పొద్దుటి నడకలో ఆయనకి శేషావతారం గారు తగిలారు. శేషావతారం గారు సబ్ రిజిస్ట్రారుగా చేసి దిగిపోయినవారు. ప్రస్తుతం కృష్ణాతీర షెల్టీ జాతి ప్రమాణ సంఘానికి అధ్యక్షులు. షెల్టీ అంటే ఎక్కడో ఉత్తరాన, చలిగాలులు కొట్టే దీవుల్లో గొర్రెల్ని కాసుకునే చిన్న కుక్క. కోసు మూతి, మెడ నిండా జూలు, ఒంటినిండా రెండు పొరల బొచ్చు. మే నెలలో మా ఊళ్ళో మనిషి చొక్కా ఒంటిమీద ఉంచుకోలేడు. అలాంటి ఊరికి రెండు ఉన్నికోట్లు తొడుక్కున్న ప్రాణిని తెచ్చి, ఉన్న ఒక్క ఏసీ గదీ దానికిచ్చి, మొగుడూ పెళ్ళాం వసారాలో చాప వేసుకుంటే దాన్ని జాతి మీద ప్రేమ అంటారట.

ఆయన మాట పట్టుకుని మా ఆయన తెచ్చిన కుక్కపిల్ల మాత్రం, ఉన్న మాట చెప్పాలి, బంగారం. బూడిద నీలం ఒంటి మీద నల్లటి మచ్చలు, వేయించిన మరమరాల్లో మాడిన గింజలు కలిసినట్టు. ఈ రంగును మెర్ల్ అంటారని మా ఆయన చెప్పారు. నేను మరమరం అని పిలిచాను. అది పలికింది. ఏం పిలిచినా పలికేది. వంటింట్లో కొబ్బరి చిప్ప పగిలితే వీధి గుమ్మం నుంచి వచ్చేది. కూరగాయల బండి రెండు వీధుల అవతల ఉండగానే నాకు కబురు చెప్పేది. అంత చెవి.

ఆ చెవే మా కొంప ముంచింది.

*

రిజిస్ట్రేషన్‌కి సంఘం ఆఫీసుకి తీసుకెళ్ళాం. సూర్యారావుపేటలో ఒక మేడ మీద పెద్ద గది. గది మధ్యలో అద్దాల బీరువా. బీరువాలో ఒక కుక్క నిలబడి ఉంది. కదలదేమిటా అని దగ్గరికి వెళ్ళి చూశాను. పొట్టలో పీచు కూరి నిలబెట్టిన చచ్చిన కుక్క. మెడలో గంధపు దండ.

"అసలు," అన్నారు శేషావతారం గారు, చెప్పులు విడిచి.

మా ఊళ్ళోకి వచ్చిన మొట్టమొదటి షెల్టీ అదేనట. సంఘం పెట్టిన పెద్దమనిషి తెప్పించుకున్నారట. మొదటి వేసవిలోనే వడదెబ్బకి పోతే, బాధ తట్టుకోలేక ఆయన దాన్ని ఇలా చేయించారట. చేసినాయన కాలేజీల మ్యూజియంలకి గుడ్లగూబల్నీ ఉడుముల్నీ నింపిన మనిషి. కుక్కను ముట్టుకోవడం అదే మొదలు. అందువల్ల అసలుకి కళ్ళు కొంచెం గుడ్లగూబవి. మరుసటి ఎండాకాలం జిగురు కరిగి, ఎడమ చెవి కొస వాలిపోయింది.

"విదేశాల్లో దీనికేదో పుస్తకం ఉందంటారుగా అన్నయ్యగారూ, కొలతలవీ రాసి?" అని అడిగాను.

"ఉన్నది చెల్లెమ్మా. అది వర్ణన మాత్రమే. వర్ణన వివాదాలకు ఆస్కారమిచ్చును. ఆస్తి కళ్ళెదుట ఉండగా హద్దుల కోసం కాగితం వెదకనేల అని మా సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించినది. కాబట్టి ఇది అసలు. బతికున్న షెల్టీలన్నీ దీని నకళ్ళు. నకలును అసలుతో పోల్చి, సరిపోలినదని ధ్రువీకరించుటయే మన సంఘం యొక్క పరమావధి."

నాకు నవ్వొచ్చింది. పక్కకి చూస్తే మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ముప్పై ఏళ్ళు ఆ మనిషి ఏ మాట కోసం ఎదురుచూశాడో ఆ మాట ఇప్పుడు వినపడినట్టుంది. ఇక నవ్వి లాభం లేదనుకున్నాను.

మరమరాన్ని బల్లమీద నిలబెట్టి, శేషావతారం గారు టేపు పట్టుకుని పైకి చదివారు. "తూర్పు: ముక్కు. పడమర: తోక. ఉత్తరం: వీపు. దక్షిణం: నాలుగు కాళ్ళు. ఈ చతుర్హద్దుల మధ్యగల నకలు. లింకు దస్తావేజులు: తండ్రి సరి, తల్లి సరి. ఆక్షేపణ: చెవులు రెండూ పూర్తిగా నిలిచి ఉన్నవి."

"వింటోందండీ అది, అందుకని నిలబడ్డాయి," అన్నాను.

"అసలు వినుట లేదు కదా చెల్లెమ్మా," అన్నారాయన చాలా మృదువుగా.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చెవి వాల్చే కార్యక్రమం మొదలైంది. సభ్యుల్లో కొందరు మైదా ఉడికించి చెవి కొసలు అతికిస్తారు. కొందరు చింతపండు గుజ్జు పూసి ఎండబెడతారు. మా ఆయన చెప్పులు కుట్టే చోటికి వెళ్ళి గమ్ము డబ్బా తెచ్చారు. ఆయన పొద్దున అతికించేవారు, నేను మధ్యాహ్నం కొబ్బరినూనె రాసి ఊడదీసేదాన్ని. మా దాంపత్యంలో ఇంత క్రమశిక్షణగా ఏ పనీ జరగలేదు.

చెవులతో అయిపోయిందా అంటే లేదు. చచ్చిన తోలు కదా, అసలు ఏటేటా ఎండి చిక్కిపోతోంది. దాంతోపాటు ప్రమాణమూ చిక్కుతోంది. పోయినేడు సరిపోలిన కుక్క ఈ ఏడు పెద్దదైపోతుంది. అందుకని సభ్యులు చిన్నదాన్ని చిన్నదానితో కలిపి ఇంకా చిన్నదాన్ని పుట్టించేవారు, పుట్టినదానికి తిండి తగ్గించేవారు. ఆ మధ్య అసలు కుడి తొడ మీద పురుగు పట్టి, అరచేతి మేర బొచ్చు ఊడింది. వారం తిరక్కుండా బెజవాడ షెల్టీలన్నీ కుడి తొడ గొరిగించుకుని తిరిగాయి. ఒకావిడ మాత్రం పొరపాటున ఎడమ తొడ గొరిగించి, బొచ్చు మొలిచేదాకా మొహం చూపించలేకపోయింది.

*

ఏటా మే నెలలో సంఘం వారి పోటీ. కల్యాణమండపంలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద అసలును పెడతారు. దాని ముందు ఒక్కో నకలునూ నిలబెడతారు. మొదట ప్రతిదానికీ వంద మార్కులు వేసేస్తారు. ఇవ్వడంలో వాళ్ళకి లోపం లేదు. తర్వాత కోత మొదలవుతుంది.

తోక ఊపితే రెండు మార్కులు కోత. యజమాని వంక చూస్తే మూడు. రొప్పితే అయిదు. మొరిగితే పది. మా మరమరం వేదిక ఎక్కుతూనే జనంలో ఉన్న నన్ను చూసి మొరిగింది, తోక ఊపింది, అద్దం కళ్ళ అసలును వాసన చూసి తుమ్మింది. తుమ్ముకి నిబంధన లేకపోతే అధ్యక్షులవారు అక్కడికక్కడ చేశారు. మా ఆయన తల పట్టుకున్నారు.

చివరిగా ఒక తెల్ల కుక్క వచ్చింది. పాలలా తెలుపు. దాన్ని ఎత్తుకొచ్చి నిలబెట్టారు, నిలబడింది. అంతే. చూపు తిప్పలేదు. న్యాయనిర్ణేత చప్పట్లు కొట్టాడు, కదల్లేదు. మేళం వాళ్ళని పిలిచి చెవి పక్కన డోలు వాయించారు, కదల్లేదు. బయట ఎవరో పెళ్ళి ఊరేగింపులో ఔట్లు పేల్చారు. హాల్లో ఉన్న కుక్కలన్నీ గగ్గోలు పెట్టాయి, పిల్లలు ఏడ్చారు, ఆ తెల్లది మాత్రం అలాగే ఉంది.

"స్థితప్రజ్ఞ," అన్నారు శేషావతారం గారు గద్గదంగా. జనం లేచి నిలబడ్డారు. దానికి తొంభై ఏడు మార్కులు వచ్చాయి. మూడు మార్కులు ఊపిరి తీసుకుంటున్నందుకు పోయాయి.

నా పక్క కుర్చీలో డాక్టర్ మెహరున్నీసా గారు కూర్చుని ఉన్నారు. పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ. ఏదైనా కుక్క ఎండకి పడిపోతే చూడటానికి పిలిచారు. ఆవిడ నా చెవిలో అన్నారు.

"అది ప్రజ్ఞ కాదమ్మా. దానికి చెవుల్లేవు, కళ్ళూ లేవు. ఉన్నాయి, పనిచెయ్యవు."

"పుట్టుకతోనా?"

"పుట్టించారు. మీ మరమరంది మెర్ల్ రంగు చూడండి, ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచి వస్తే ఆ మచ్చల అందం వస్తుంది. రెండువైపులా మెర్లే అయితే కొన్ని పిల్లలకి రెండు వాటాలూ వస్తాయి. అవి ఇట్లా తెల్లగా పుడతాయి. చాలావాటికి వినపడదు, కనపడదు. తెలిసినవాళ్ళెవరూ మెర్ల్‌ని మెర్ల్‌తో కలపరు."

లేచి వెళ్ళి శేషావతారం గారికి అదే మాట చెప్పాను. ఆయన శాంతంగా విన్నారు.

"డాక్టరు గారు దానిని లోపమనుచున్నారు. మేము సరిపోలుట అనుచున్నాము. దృక్కోణ భేదం. అసలుకు చూపు ఉన్నదా? వినికిడి ఉన్నదా? లేనిది అసలులో లేదు కాబట్టి నకలులోనూ ఉండరాదు. ఆ విధముగా చూచినచో, లోపమన్నది మీ మరమరం యందున్నది చెల్లెమ్మా. దానికి వినికిడి ఉన్నది."

*

ఆ నెలాఖరున సంఘం ఉత్తర్వు చేసింది. ఇకమీదట మెర్ల్ కుక్కల్ని మెర్ల్ కుక్కలతోనే కలపాలి. మరమరానికి రాజరత్నం అనే మగకుక్కను కేటాయించారు. రాజరత్నం అధ్యక్షులవారి సొంత కుక్క, మెర్ల్. మరమరానికీ దానికీ తండ్రి ఒకడే.

మా ఆయన భోజనం దగ్గర ఈ కబురు మెల్లగా చెప్పారు. నేను గరిటె కింద పెట్టాను.

"అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటండీ?"

"సవతి అన్న. పైగా కుక్కలు. శేషావతారం గారు ఏమన్నారంటే, ఒకే దస్తావేజు నుంచి తీసిన రెండు నకళ్ళు కలిస్తే తప్పు దొర్లే అవకాశం తక్కువట."

"మీ మేనకోడలికి బంగారంలాంటి సంబంధం వస్తే సగోత్రమని చెడగొట్టింది మీరు కాదూ? ఏడు తరాలు లెక్కేసి మరీ చెడగొట్టారు. ఆ పిల్ల ఇంకా మీతో మాట్లాడటం లేదు. ఇప్పుడీ నోరులేని దానికి తోడబుట్టినవాణ్ణి కడతారా? గుడ్డిపిల్లలు పుడతాయని డాక్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది."

"అన్నీ పుట్టవు హైమా. ఏ ఒకటో రెండో."

"ఆ ఒకటో రెండో మీకు పుడితే తెలిసేది."

ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచారు. సంగతేమిటంటే, సంఘంలో సహాయ కార్యదర్శి పదవి ఖాళీ అయింది. ఒక్క సరిపోలిన నకలునైనా పుట్టించినవారికే ఆ పదవి. రిటైరైన మగవాడికి తలుపు మీద బోర్డు లేకపోతే అన్నం సహించదు కాబోలు.

నేను ఊరుకోలేదు. సర్వసభ్య సమావేశానికి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ అన్నీ విడమరిచి చెప్పారు. సభ్యులు టీ తాగుతూ శ్రద్ధగా విన్నారు. ఒకాయన లేచి, తమ తెల్లకుక్క గోడలకి కొట్టుకుంటుంటే గోడలకి పరుపులు కట్టించామనీ, అసలు ఉన్న బీరువాకి కూడా వెల్వెట్టు గుడ్డ ఉంది కాబట్టి ఇది ప్రమాణానికి దగ్గరగానే ఉందనీ అన్నాడు. అందరూ తలలూపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, మీ అసలు చూడదు, వినదు. బాగుంది. అది అన్నం కూడా తినదు. ఊపిరి కూడా తియ్యదు. సరిపోలాలంటే నకలు కూడా చావాలిగా? మరి చంపెయ్యండి అన్నిట్నీ, గొడవొదిలిపోతుంది."

అందరూ టీ కప్పులు కింద పెట్టారు. సిగ్గుపడ్డారనుకున్నాను. శేషావతారం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చెల్లెమ్మ గారి సూచన పరిశీలనార్హం," అన్నారు. "ఈ కోణంలో సంఘం ఇంతవరకు ఆలోచించలేదు. తక్షణమే ఉపసంఘం వేయుచున్నాను."

ఉపసంఘం నిజంగానే వేశారు. మా ఆయన్ని అందులో సభ్యుణ్ణి చేశారు. ఆ ఉపసంఘం చాలాసార్లు కూర్చుని, బోలెడు పకోడీలు తిని, ఒక సిఫారసు చేసింది. వంద మార్కులు తెచ్చుకున్న నకలును ఇంటికి పంపరాదు. సంఘం స్వాధీనం చేసుకుని, అసలు పక్కనే రెండో అద్దాల బీరువాలో భద్రపరచాలి.

"బతికుండగానేనా?" అని అడిగాను మా ఆయన్ని.

"ప్రస్తుతానికి," అన్నారు.

*

సంక్రాంతి వెళ్ళాక తెనాలిలో మా అక్కకి మోకాలి ఆపరేషనైతే సాయానికి వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళేముందు మా ఆయన చేత నా తలమీద ఒట్టు వేయించుకున్నాను. తిరిగొచ్చేసరికి మరమరం వసారా మూల పడుకుని, నన్ను చూసి లేచింది కానీ ఎప్పటిలా ఎగరలేదు.

"రాజరత్నం వచ్చాడా?" అన్నాను.

"చుట్టపుచూపుగా వచ్చాడు. ఒక్క పూట," అన్నారు మా ఆయన గోడ వంక చూస్తూ.

నేను ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఏదైనా చెప్పాలంటే మరమరానికి చెప్పేదాన్ని. ఆయనా దానికే జవాబు చెప్పేవారు. పాపం, నిండు చూలాలు, మా ఇద్దరి మధ్యా తల తిప్పలేక అలిసిపోయేది.

ఈనింది. నాలుగు పిల్లలు. మూడు మచ్చలవి, ఒకటి తెల్లది. మా ఆయన అధ్యక్షులవారికి ఫోను చేసి మిఠాయి తెచ్చారు. నేను ముట్టలేదు. తెల్లదానికి సగ్గుబియ్యం అని పేరు పెట్టాను. కొంచెం పెద్దయ్యాక కళ్ళు తెరిచింది. తెరిచినచోట రెండు చిన్న గింజల్లాంటివి, లోపలికి.

ఒకరోజు మా ఆయన చేతిలోంచి కుక్కరు మూత జారి నేలమీద పడింది. మచ్చలవి మూడూ ఉలిక్కిపడి మంచం కిందకి దూరాయి. సగ్గుబియ్యం నిద్రపోతూనే ఉంది. ఆయన మూత ఎత్తి, కొంచెం సేపు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత దాని తల దగ్గరికి వెళ్ళి, మూతని గరిటెతో కొట్టారు. మళ్ళీ గట్టిగా కొట్టారు. అది నిద్రలో ఆవలించింది. ఆయన అక్కడే నేలమీద చతికిలబడ్డారు.

"హైమా, దీనికి నిజంగా వినపడదే," అన్నారు.

చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. తిట్టాలనుకున్నవన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆయన మొహం చూసి మింగాను. కోపం పోయిందని కాదు. ఇప్పటికీ పోలేదు.

పెద్ద చిక్కు అప్పుడు తెలిసింది. మగకుక్కను పంపినందుకు ఈతలోంచి ఒక పిల్లను ఏరుకునే హక్కు మగకుక్కవారికి ఉండటం ఈ కుక్కలవాళ్ళ ఆచారం. శేషావతారం గారు ఆ హక్కు సంఘం పేర పెట్టారు. తెల్లపిల్లను పోటీకి నిలపాలి. వంద మార్కులొస్తే అది బీరువాకి. రాకపోతే మా ఇంటికి. మా ఆయన మాట ఇచ్చేశారు.

"వెనక్కి తీసుకుంటానని చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పాను. రిజిస్టరైన మాట రద్దుకాదన్నారు," అన్నారాయన. ఆ తర్వాత ఆయన కూడా పెద్దగా అన్నం తినలేదు.

*

పోటీ రోజున సగ్గుబియ్యాన్ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాం. ఇంకా పాలు మరవలేదు, అందుకని మరమరాన్ని కూడా తీసుకెళ్ళి, భోజనాల హాల్లో డాక్టరమ్మ దగ్గర ఉంచాం. వేదిక మీద అసలు, దాని పక్కన కొత్తగా చేయించిన ఖాళీ బీరువా. తలుపుకి పసుపూ కుంకుమా పెట్టారు, మామిడాకులు కట్టారు. లోపల ఫ్యాను కూడా లేదు.

మా వంతు వచ్చింది. మా ఆయన పిల్లను తీసుకెళ్ళి అసలు ముందు దింపారు. దానికి తను ఎక్కడుందో తెలియలేదు. నాలుగు కాళ్ళూ బిగబట్టి అలాగే నిలబడిపోయింది. అది భయం. నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు. న్యాయనిర్ణేత మాత్రం ఎంతో సంతోషించాడు. చప్పట్లు, డోలు, ఈల, పళ్ళెం, అన్నీ అయ్యాయి. ఊపిరికి కోసే మూడు మార్కుల్నీ ఉపసంఘం ముందే మాఫీ చేసింది కాబట్టి ఒక్క మార్కూ తెగలేదు.

అప్పుడది ముక్కు ఎత్తి, ఎదురుగా ఏదో బొచ్చు ఉందని తెలుసుకుంది. మెల్లగా పాక్కుంటూ వెళ్ళి, అసలు పొట్ట కిందకి మూతి పెట్టింది. పాల కోసం వెతుకుతోంది. పీచు కూరిన ఆ పొట్టను ఒకచోట, ఇంకోచోట, ఓపిగ్గా మూతితో పొడుస్తోంది. హాల్లో ఎవరో ఆడమనిషి అయ్యో అంది.

"కదలిక కిందకి వస్తుందా?" అని న్యాయనిర్ణేత అధ్యక్షులవారిని అడిగాడు.

శేషావతారం గారు ఆలోచించారు. "రాదు. నకలు అసలును సమీపించుట సహజం. అది పోలికయే గాని కదలిక కాదు."

ఆ క్షణంలో భోజనాల హాలు వైపు నుంచి మొరుగు వినపడింది. మరమరం గొలుసుతో సహా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. గొలుసు డాక్టరమ్మ చేతిలోంచి జారిందట. జారిందో, జారనిచ్చారో నేను అడగలేదు. పిల్ల కనపడగానే మరమరం ఇంకోసారి మొరిగింది. అది ఇంట్లో పాలివ్వడానికి పిల్లల్ని పిలిచే మొరుగు. హాల్లో ఉన్న జనమంతా అటు తిరిగారు. కుక్కలు తిరిగాయి, న్యాయనిర్ణేత తిరిగాడు, మేళం వాళ్ళు తిరిగారు. సగ్గుబియ్యం తిరగలేదు. చచ్చిన కుక్క పొట్ట కింద వెతుక్కుంటూనే ఉంది.

"కన్నతల్లి పిలిచినను చలించలేదు," అన్నారు శేషావతారం గారు, కళ్ళు ఒత్తుకుంటూ. "సంఘ చరిత్రలో ప్రథమ పర్యాయం. వంద."

చప్పట్లు మోగాయి. ఒకాయన వెళ్ళి కొత్త బీరువా తలుపు తీశాడు.

మరమరం ఒక్క ఉరుకున జనం మధ్యనుంచి వచ్చి వేదిక మీదకి దూకింది. చెక్క వేదిక, దభేలుమని అదిరింది. ఆ అదురు సగ్గుబియ్యం అరికాళ్ళకి తగిలింది. అది మూతి బయటికి తీసింది. గాలిలో వాసన పట్టింది. తోక ఊపింది, ఒళ్ళంతా ఊపింది, కుయ్యిమని అరిచి, తడబడుతూ వెళ్ళి తల్లి కాళ్ళ మీద పడింది. మరమరం అక్కడే, పెళ్ళివాళ్ళు కూర్చునే వేదిక మీద పక్కకి ఒరిగి పడుకుంది. పిల్ల పాలు పట్టుకుంది. దూకుడులో ఎవరి కాలు తగిలిందో, ఎవరి తోక తగిలిందో, అసలు వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ పైకి పెట్టి ఉంది. దాన్ని ఎత్తడానికి ఎవరికీ తోచలేదు.

శేషావతారం గారు గొంతు సవరించుకున్నారు. "తోక, రెండు. తల తిప్పుట, మూడు. శబ్దం, పది. పరుగు, పదిహేను." చదువుతూ చదువుతూ పాల దగ్గర ఆగారు. "స్తన్యపానమునకు నిబంధన లేదు. అయినను ఇంత బాహాటముగా జీవించుట సంఘం ఉపేక్షించజాలదు. సదరు నకలు అసలుతో సరిపోలలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. దానిని తిరిగి పంపుడు."

నా జన్మలో ఏ పరీక్ష పోయినందుకూ నేనంత సంతోషించలేదు. వాళ్ళూ వీళ్ళూ జాలిపడ్డారు. బయటికొస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఈసారి పోయిందిలే వదినా, మళ్ళీ ఈతకి అచ్చంగా ఇలాంటి తెల్లదే మాకొకటి ఉంచండి," అంది. మళ్ళీ ఈత లేదనీ, పిల్లలు పాలు మరవగానే డాక్టరమ్మ దగ్గర మరమరానికి ఆపరేషన్ చేయిస్తున్నాననీ చెప్పాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, పక్కవాళ్ళను అడగడానికి వెళ్ళింది.

వెనక మైకులో శేషావతారం గారు ఇంకా మాట్లాడుతున్నారు. జరిగిన దుర్ఘటన దృష్ట్యా, వచ్చే ఏడు నుంచి పోటీ ఆవరణలోకి తల్లులకు ప్రవేశం నిషేధిస్తూ తీర్మానం ప్రవేశపెట్టారు. హాలంతా చప్పట్లు కొట్టి ఆమోదించింది. ఉపసంఘం సభ్యులు కూడా కొట్టాలని మైకులో పేరు పేరునా పిలిచారు. మా ఆయన కొట్టలేదు. ఆయన రెండు చేతుల్లోనూ సగ్గుబియ్యం నిద్రపోతోంది.